కట్ట మీది మర్రి, బాపమ్మ దిండు

మా ఊరి కట్టమైసమ్మ గుడి గోడకు ఒక నల్లరాయి పలక ఉంది. చందాలిచ్చినవాళ్ళ పేర్లు దాని మీద బంగారు రంగులో చెక్కించారు. పైనుంచి పద్నాలుగో పేరు నాది, పక్కన రూ. 5,116. ఊరికి పోయినప్పుడల్లా అమ్మవారికి దండం పెట్టుకుంటాను గానీ ఆ పలక వైపు చూడను. ఎందుకో చెప్పాలంటే చెట్టు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

మాది నర్సంపేట వైపు ఊరు. బస్సు దిగి మట్టిబాట మీద అరగంట నడిస్తే ముందు చెరువుకట్ట కనబడేది, కట్ట మీద మర్రి కనబడేది, ఆ తర్వాతే ఊరు. మర్రి కింద మైసమ్మ. అప్పుడు గుడీ లేదు, గోడా లేదు. పసుపు పూసిన రాయి, ముందొక చిన్న గద్దె, చుట్టూ ఊడలు. ఎండైనా వానైనా అమ్మవారికి ఆ చెట్టే గొడుగు. చెట్టు నిండా గబ్బిలాలు.

పాత గుళ్ళ చీకటి మూలల్లో, పాడుబడ్డ ఇళ్ళ దూలాల సందుల్లో కిచకిచమనే చిన్నవి వేరు. అవి పురుగుల్ని తింటాయి, చీకట్లో చెవులతో దారి వెతుక్కుంటాయి. మా మర్రి మీదివి పెద్దవి, పండ్లు తినేవి. రెక్కలు చాపితే నాలుగడుగులు ఉంటాయి. మెడ చుట్టూ గోధుమరంగు బొచ్చు, పెద్ద పెద్ద కళ్ళు, మొహం అచ్చం నక్కపిల్ల మొహం. బాపమ్మ వాటిని గబ్బిలాయిలు అనేది. పగలంతా మాగిన కూరగాయల్లా కొమ్మలకు వేలాడుతూ, పక్కదానితో జాగా కోసం కొట్లాడుతూ ఉండేవి. బడి నుంచి వచ్చేటప్పుడు సంచులు గద్దె మీద పడేసి వాటినే చూస్తూ కూర్చునేవాళ్ళం. ఒంటికి పోవాల్సి వచ్చినప్పుడు మాత్రం తలకిందులు మానేసి, రెక్కల మీది బొటనవేలి గోళ్ళతో కొమ్మ పట్టుకుని నిటారుగా వేలాడేవి, తమ మీద తాము పోసుకోకుండా. అది చూసి మేము పడీ పడీ నవ్వేవాళ్ళం. మా మీద పడ్డప్పుడు నవ్వు వచ్చేది కాదు, అది వేరే సంగతి.

మా ఇంట్లో గడియారం ఉండేది గానీ దానికి కీ ఇచ్చే తీరిక ఎవరికీ ఉండేది కాదు. సాయంత్రం వేళ ఎంతయిందో గబ్బిలాలే చెప్పేవి. పొద్దు చెరువులో మునిగాక మొదట ఒకటి లేచేది. చెట్టు చుట్టూ ఒక చుట్టు తిరిగి మళ్ళీ కూర్చునేది. తర్వాత రెండు, ఐదు, ఇక తర్వాత లెక్క లేదు. పాకాల అడవి వైపు ఒక పాయ, ఊరి తోటల వైపు ఒక పాయ, ఎటూ తేల్చుకోలేనట్టు చెరువు మీదే తిరిగేవి కొన్ని. "గబ్బిలాయిలు లేశినయి, బర్లు ఇంకా రాలే ఏందిరా!" అని అమ్మ కేక వేసిందంటే నేను కర్ర పట్టుకుని పరుగు. ఒకసారి నోటు పుస్తకం వెనక అట్ట మీద గీతలు పెట్టుకుంటూ లెక్కపెట్టాను. నాలుగు వందలు దాటాక గీతలు కనబడనంత చీకటి పడింది. చెట్టు మీద ఇంకా సగం ఉన్నట్టే ఉన్నాయి.

మే నెలలో వాటి అవస్థ చూడాలి. మధ్యాహ్నం చెట్టంతా విసనకర్రలు కట్టినట్టు ఉండేది. ఒక రెక్కతో పిల్లను కప్పుకుని ఇంకో రెక్కతో విసురుకునేవి. ఒళ్ళంతా నాకి తడి చేసుకునేవి, మనకు చెమట పట్టినట్టు వాటికి ఆ తడే చలువ. ఉండబట్టలేక పట్టపగలే లేచి చెరువు మీదికి దిగి, నీళ్ళకు రొమ్ము తగిలించి, చర్రున లేచి వచ్చి రొమ్ము బొచ్చులోని నీళ్ళు చప్పరించేవి. పెద్ద చెట్టూ, పక్కనే నీళ్ళూ ఉన్నచోటే ఇవి ఎందుకు ఉంటాయో మాకు ఎవరూ పాఠం చెప్పలేదు, ఎదురుగా జరుగుతుండేది.

ఇక బాపమ్మ సంగతి.

బాపమ్మకు దమ్ము, అంటే ఉబ్బసం. చలికాలం వచ్చిందంటే రాత్రుళ్ళు పడుకోలేకపోయేది. మంచం మీద మూడు దిండ్లు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని, వాటికి ఆనుకుని కూర్చునే తెల్లవార్లూ గడిపేది. పిల్లికూతలు ఇంటి అవతలికి వినిపించేవి. ఎవరో చెప్పారు, గబ్బిలం మాంసం తింటే దమ్ము పోతుందని. ఇప్పటికీ చెప్తారు. అప్పుడు నాటు తుపాకులు పట్టుకుని పక్షుల వేటకు వచ్చేవాళ్ళు ఉండేవాళ్ళు. మైసమ్మ చెట్టు మీద కాల్చొద్దని పెద్దమనుషులు కట్టడి పెట్టారు గానీ, ఊరవతల తోటల్లో దొరికితే అడ్డం చెప్పేవాళ్ళు లేరు. బాపు వాళ్ళకు డబ్బులిచ్చి తెప్పించాడు. ఒకసారి కాదు, మూడు చలికాలాలు.

బాపమ్మ తిన్నది. ఎట్లుందే అని అడిగితే, "కోడికూర లెక్కనే ఉంది గని, దమ్మెటు పోయింది బిడ్డా, ఈడనే ఉంది" అని రొమ్ము మీద చెయ్యేసుకుని చూపించేది. నాలుగో ఏడు తనే వద్దన్నది. తర్వాతెప్పుడో హన్మకొండలో డాక్టరు ఇచ్చిన పంపు పీల్చడం మొదలుపెట్టాక గానీ బాపమ్మకు రాత్రి నిద్ర అంటే ఏమిటో తెలియలేదు. మూడు గబ్బిలాల ప్రాణాలు ఉత్తపుణ్యానికి పోయాయి. మా ఒక్క ఇంట్లో మూడు. ఎన్ని ఊళ్ళలో ఎంతమంది దమ్ము వాళ్ళు!

ఆ లెక్క ఎందుకు అంత బరువైందో చాలా ఏళ్ళ తర్వాత మా అమ్మాయి చెబితే తెలిసింది. తను ములుగులో ఫారెస్ట్రీ చదివింది. మన ములుగు కాదు, సిద్దిపేట ములుగు. ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ చుట్టాలు ఏటూరునాగారం అడవిలో చదువుతోందనుకుంటారు. పెద్ద గబ్బిలం ఏడాదికి ఒకే ఒక్క పిల్లను కంటుందట. ఐదు నెలల దగ్గరదగ్గర మోసి, ఎండాకాలం ముందర కని, మొదటి వారాల్లో మేతకు పోయినా పిల్లను రొమ్ముకు కరిపించుకునే పోతుందట. "ఎలుకల్లాగ కాదు నాన్నా. నువ్వు ఒకదాన్ని చంపితే దాని జాగా నిండడానికి ఏళ్ళు పడుతుంది" అన్నది. చంపింది నేను కాదే అనబోయి ఊరుకున్నాను. కూరలో ముక్క నేనూ అడిగి తిన్నాను మరి.

బాపు చేనులో ఎనిమిది జామచెట్లు ఉండేవి. గబ్బిలాలంటే బాపుకు ప్రేమేమీ లేదు. కాయ పండుతుందంటే చాలు, రాత్రికి దిగేవి. పొద్దున పోయి చూస్తే చెట్టు కింద రసం పీల్చి ఉమ్మేసిన పిప్పి ముద్దలు, సగం కొరికిన కాయలు. బాపు తిట్టని తిట్టు లేదు. చెట్టుకొక ఖాళీ నూనె డబ్బా, లోపల ఇనుప ముక్క, దానికి తాడు. తాడు కొసలన్నీ మంచె దగ్గరికి. మంచె మీద నేను. చప్పుడైనప్పుడల్లా తాడు లాగాలి. డబ్బా గణగణమంటే గుంపు లేచి పక్క చేనుకు పోయేది, పక్క చేనాయన డబ్బా కొడితే మా చేనుకు వచ్చేది. నేను నిద్రపోయేవాణ్ణి. పొద్దున బాపు పిప్పిని కాలితో జరిపి, "తిన్నయి తియ్. ఎంతనని తింటయి, కడుపు మనకన్న చిన్నదే గద" అనేవాడు. తిట్లూ ఆయనవే, ఈ మాటా ఆయనదే.

మామిడి దగ్గర ఆ గొడవ అంత ఉండేది కాదు. మామిడి పచ్చిగా ఉన్నప్పుడే తెంపి మండికి పంపిస్తాం. గబ్బిలానికి కావలసింది పండు, చెట్టున మిగిలి మాగినవి వాటి పాలు. జామ, సపోటా రైతు నష్టం మాత్రం నిజం, దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళు ఒక్క రాత్రి మంచె మీద పడుకోవాలి.

మా ఊళ్ళో వాటితో ఎక్కువ పరిచయం గౌడు తాతది. గీత పని. మోకు, ముస్తాదు భుజాన వేసుకుని తెల్లవారకముందే ఈతవనానికి పోయేవాడు. రాత్రి గబ్బిలాలు లొట్టి మీద వాలి కల్లు నాకేవి. లొట్టిలో ఒక్కోసారి బొచ్చు ఉండేది, ఒక్కోసారి చిన్న జాతి గబ్బిలమే పడి ఉండేది. అందుకని తాత గీత పెట్టినచోటుకూ లొట్టి మూతికీ కలిపి తాటికమ్మ చుట్టేవాడు. "నా కల్లు నాకు, వాటి పండ్లు వాటికి" అనేవాడు. కేరళలో 2018లో నిపా వచ్చి జనం చనిపోయినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ తాటికమ్మే. నిపా వైరస్ ఈ పెద్ద గబ్బిలాల్లో ఉంటుందన్నది నిజం. బంగ్లాదేశ్‌లో రాత్రి చెట్టుకు కట్టిన కుండల్లోని పచ్చి ఈతరసం తాగినవాళ్ళకు అది సోకింది, గబ్బిలాల ఎంగిలి, మూత్రం అందులో కలవడం వల్ల. అక్కడ కూడా వెదురు తడికలతో కుండ నోరు మూయమని చెప్పడం మొదలుపెట్టారు. మా గౌడు తాత ఏ డాక్టరూ చెప్పకుండానే నలభై ఏళ్ళ కింద చేసిన పని అది. గబ్బిలం కొరికిన పండు తినకూడదు, కింద పడ్డ గబ్బిలాన్ని వట్టి చేతులతో ముట్టుకోకూడదు. అంతవరకు భయం మంచిదే. ఆ భయం చెట్టు దాకా పోయినప్పుడే చిక్కు.

మా అమ్మాయి నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది దిండు విషయంలో. బాపమ్మ పోయాక ఆమె దిండ్లలో ఒకటి నేను హన్మకొండ తెచ్చుకున్నాను. నాలుగైదు సార్లు గలీబు మార్చాం గానీ లోపల దూది అదే. బూరుగు దూది. చేను గట్టున తెల్లబూరుగు ఒకటి ఉండేది, ఉగాది ముందర కాయలు పగిలి దూది ఎగిరేది. పిల్లలమంతా గోనెసంచుల్లో ఏరి, నల్లటి గింజలు తీసేసి బాపమ్మకు ఇచ్చేవాళ్ళం. ముక్కుల్లో దూది, తలల్లో దూది.

ఒకసారి సెలవులకు వచ్చినప్పుడు అమ్మాయి ఆ దిండు మీద పడుకుని, "ఇది ఎవరు చేశారో తెలుసా నాన్నా?" అంది.

"మా బాపమ్మ."

"అంతకు ముందు?"

బూరుగు పూలు రాత్రి విచ్చుకుంటాయి. ఆ సమయానికి తేనెటీగ ఉండదు, పిట్ట ఉండదు. తేనె కోసం పూలలో మూతి పెట్టేది గబ్బిలం. మెడ బొచ్చుకు పుప్పొడి అంటించుకుని ఇంకో చెట్టుకు పోయేది అదే. కాయ కాసిందంటే చాలావరకు దాని చలవే. అంటే దమ్ము పోతుందని బాపమ్మ తిన్న గబ్బిలం వల్ల ఒరిగిందేమీ లేదు. తెల్లవార్లూ ఆమె వీపుకు ఆనుకున్న మెత్తదనంలో మాత్రం అవి చేసిన పని ఉంది. ఈ మాట బాపమ్మకు చెప్తే ఏమనేదో అని చాలాసార్లు అనుకున్నాను. "గంత పని జేశినయా, నేనేమో తింటి" అని నవ్వేదేమో, నవ్వితే దమ్ము వచ్చేది.

ఇప్ప కూడా అంతే. ములుగు, ఏటూరునాగారం అడవుల్లో ఇప్పపూలు ఏరుకునే కోయ ఆడవాళ్ళు నాకు తెలుసు, ఉద్యోగం మీద కొన్నాళ్ళు ఆ వైపు తిరిగాను. ఎండాకాలం మొదట్లో తెల్లవారుజామున బుట్టలు పట్టుకుని చెట్టు కిందికి చేరేవాళ్ళు. రాత్రంతా పైన గబ్బిలాల సందడి, పొద్దున కింద మనుషుల సందడి. ఇప్పకాయ తిని గింజను ఎక్కడో పడేసేదీ గబ్బిలమే. మర్రి, రావి, మేడి పండ్ల చిన్న గింజలైతే అరగంట తిరిగేసరికి కడుపులోంచి బయటికి వచ్చేస్తాయట. పిట్ట కొమ్మ మీద కూర్చుని రెట్ట వేస్తుంది, ఆ గింజ ఎక్కువగా చెట్టు కిందే పడుతుంది. గబ్బిలం ఎగురుతూ ఎగురుతూ వేస్తుంది. ఒక్క రాత్రిలో పదుల కిలోమీటర్లు తిరిగే ప్రాణి. చెట్టు లేని బీడు మీద, కొట్టేసిన అడవి మీద, పాత కోటగోడ మీద గింజ పడేది అట్లా. మా కట్ట మీది మర్రిని ఎవరు నాటారని చిన్నప్పుడు అడిగితే, ఎవరూ నాటలేదు, అదే మొలిచింది అనేవాళ్ళు. అదే ఎట్లా మొలుస్తుంది?

తగ్గడం ఎప్పుడు మొదలైందో ఒక తేదీ చెప్పలేను. చదువుకని, ఉద్యోగమని నేను హన్మకొండలో పడ్డాను. పండగకు పోయినప్పుడు కట్ట మీద బండి ఆపి చూసేవాణ్ణి. ఏటేటా కొమ్మల మధ్య ఆకాశం ఎక్కువ కనబడేది. బోర్లు వచ్చాయి, బోర్లతో కరెంటు తీగలు వచ్చాయి. రెండు తీగలకు రెండు రెక్కలు తగిలితే అంతే, ఎండిపోయిన నల్ల గొడుగులా అక్కడే నెలల తరబడి వేలాడేది. మా ఊరి నుంచి నర్సంపేట దాకా ఉన్న తొవ్వలో అటువంటివి కనబడని ఎండాకాలం లేదు. బాట వెడల్పు చేసినప్పుడు రెండు వైపులా ఉన్న చింతచెట్లు పోయాయి. అవేమీ వాటి ఇళ్ళు కాదు, కానీ మేతకు పోయే దారిలో ఆగే బస్టాండ్ల వంటివి.

2015 మే నెల ఎండ మన దగ్గర అందరికీ గుర్తుంటుంది, ఆ ఏడు వడదెబ్బకు రెండు రాష్ట్రాల్లో ఎంతోమంది పోయారు. అప్పుడు చెరువు కూడా అడుగంటింది. తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, చెట్టు కింద రాలిన ఆకుల లెక్క పడ్డయే" అన్నాడు. విసురుకోవడం, నాక్కోవడం ఇవన్నీ ఒక హద్దు వరకే పనిచేస్తాయి, నలభై రెండు డిగ్రీలు దాటాక వాటి ఒళ్ళు తట్టుకోలేదు. రొమ్ము తడుపుకోవడానికి నీళ్ళు లేకపోతే ఇక చెప్పేదేముంది. 2020 మేలో గోరఖ్‌పూర్ దగ్గర ఒక తోటలో వందల గబ్బిలాలు ఒక్కసారే చచ్చిపడితే కరోనా అని జనం హడలిపోయారు. పరీక్ష చేసి, ఎండ వేడికి చచ్చాయని తేల్చారు.

ఆ కరోనాయే మా చెట్టు మీదికి వచ్చింది. 2020 ఏప్రిల్‌లో మన దేశపు గబ్బిలాల్లో కరోనా వైరస్ ఒకటి కనబడిందని వార్త. అది కోవిడ్ తెచ్చే వైరస్ కాదని, దాని వల్ల మనుషులకు జబ్బు వస్తుందనడానికి ఆధారం లేదని ఆ వార్తలోనే ఉంది. మా ఊరి వాట్సాప్ గ్రూపులో మాత్రం మొదటి ముక్కే తిరిగింది, కింద ఏడుపు మొహం బొమ్మలతో. కట్ట మీదికి పిల్లల్ని పోనివ్వడం మానేశారు. ఏ మైసమ్మ పేరు చెప్పి తాతల కాలం నుంచి ఆ చెట్టు మీద గొడ్డలి పడకుండా చూశారో, ఇప్పుడు ఆ మైసమ్మ పేరు మీదే మాట మారింది. అమ్మవారి మీద రెట్టలు పడుతున్నాయి, మొక్కుకోవడానికి పోతే టెన్షన్‌గా ఉంది, స్లాబు వేసి మంచి గుడి కట్టుకుందాం, చెట్టు తీసేస్తే జాగా వస్తుంది. ఒక్క మాట కూడా చెడ్డది కాదు చూడండి. ఎవరికీ గబ్బిలాల మీద పగ లేదు.

చందా అడిగారు, పంపించాను. ఫోన్‌పేలో రెండు నిమిషాల పని. చెట్టు కొడతారని నాకు తెలుసా అంటే, తెలుసు. గ్రూపులో రాశారు. నేను కింద చేతులు జోడించిన బొమ్మ పెట్టాను.

2021 మార్చిలో కొట్టారు. ముందు పొగ పెట్టారు, దీపావళికి మిగిలిన పటాకులు కాల్చారు. ఎవరో తీసిన వీడియో నాకు వచ్చింది. పట్టపగలు ఆకాశం నిండా నల్లగా తిరుగుతున్నాయి, ఎండలో రెక్కలు పలచగా ఎర్రగా కనబడుతున్నాయి. వెనక ఎవరిదో నవ్వు. మార్చి అంటే పిల్లలుండే నెల. వీడియోను దగ్గరగా చేసి చూసిన మా అమ్మాయి, "వీటి రొమ్ముకు ఉన్నవి చూశావా" అని ఫోన్ నా చేతిలో పెట్టి లేచి పోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, "చట్టంలో కూడా నీకు చెప్పడానికి ఏమీ లేదులే" అంది. ఓదార్పో దెప్పిపొడుపో తెలియలేదు.

ఆమె అన్నది నిజమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పండ్లు తినే గబ్బిలాలను ఐదో షెడ్యూలులో పెట్టారు. కాకి, ఎలుకలతో పాటు, పంటకు కీడు చేసే జంతువుల వరసలో. అందులో ఉన్నదాన్ని ఎవరు చంపినా అడిగేవాడు లేడు. యాభై ఏళ్ళు అట్లాగే ఉంది. 2022లో చట్టాన్ని సవరించి ఆ వరసే తీసేశారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. మా చెట్టు కొట్టిన రెండేళ్ళకు. చెట్టు కొట్టాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలన్న సంగతి అయితే అప్పటికే ఉంది. నాకు తెలియదు. తెలిసినా అడిగేవాణ్ణా అంటే, పద్నాలుగో పేరు చూసి చెప్పండి.

చెదరగొడితే జబ్బు దూరమవుతుందనుకున్నాం కదా, ఆస్ట్రేలియాలో వీటి దగ్గరి చుట్టాలైన పెద్ద గబ్బిలాలను ఏళ్ళ తరబడి గమనించినవాళ్ళు చెప్పింది వేరు. అడవి పోయి, మేత కరువై, చెదిరిపోయి ఊళ్ళమీద పడ్డప్పుడే వాటి నుంచి వైరస్ ఎక్కువ బయటపడుతోందట. కడుపు నిండి, తమ చెట్టు మీద తాము ఉంటే వాటికీ మనకూ పేచీ తక్కువ. నాకు మటుకు వాటిని దేవుళ్ళని చేయాలని లేదు, బాపుకు లాగే తిట్టుకున్నా ఫర్వాలేదు. చెట్టు మీద చెయ్యి వేయకపోతే చాలు. తమ్ముడే చూడండి, మొదట జామతోటకు నైలాన్ వల కప్పాడు. నాలుగు రోజుల్లో రెక్కలు చిక్కుకుని మూడు చచ్చాయి, ఒకదాన్ని విడిపించబోయి కరిపించుకుని ఇంజెక్షన్లు వేయించుకున్నాడు. ఇప్పుడు తైవాన్ జామ పెట్టి కాయకొక కవరు తొడిగిస్తున్నాడు. కూలీ ఖర్చు అవుతోంది. పురుగూ పట్టడం లేదు, గబ్బిలమూ ముట్టడం లేదు, కాయకు రంగు బాగుందని మార్కెట్లో రెండు రూపాయలు ఎక్కువే ఇస్తున్నారట. వల మడిచి అటక మీద పెట్టాడు.

హన్మకొండలో మా ఇంటి ముందు బాదంచెట్టు ఒకటి ఉంది. పొద్దున లేచేసరికి కారు మీద నమిలి పడేసిన బాదంకాయలు, పసుపు మరకలు. మా ఆవిడ విసుక్కుంటుంది. నేను సంతోషపడబోతే అమ్మాయి ఊరుకోదు. "ఇవి పొట్టి ముక్కువి నాన్నా, చిన్న జాతి. తాటికమ్మల కింద ఐదారు కలిసి బతుకుతాయి, మనుషుల మధ్య ఎట్లాగో నెట్టుకొస్తాయి. నీ మర్రి మీదివి కావు" అంటుంది. వాటికి వందల మంది కలిసి వేలాడే పెద్ద చెట్టు కావాలి. అటువంటి చెట్టు ఒక రోజులో పెరగదు.

మర్రి మీదివి ఎటు పోయాయో తెలుసుకుందామని రెండేళ్ళు ఆదివారాలు బండేసుకుని తిరిగాను. చెరువుకట్టలు, మామిడి తోటలు, పాకాల తొవ్వ. అక్కడక్కడ పది, ఇరవై. అడిగితే, "వెనుక మస్తుగుండె, ఇప్పుడు యాడున్నయి సారూ" అనేవాళ్ళు. ఆ మాట ఎంతమంది నోట విన్నానో.

మొన్న కార్తీకంలో తమ్ముడు ఫోన్ చేశాడు. గొంతు చూస్తే పిల్లగాడి గొంతులా ఉంది. "అన్నా, అవతలి కుంట కాడ ఎర్రమద్ది చెట్లు లేవూ? ఆటి మీద ఏలాడుతున్నయే! పెద్దయి. నూరు దాక ఉంటయి, ఇంకెక్కువనే ఉంటయి."

నేను మంచం మీంచి లేచి కూర్చున్నాను. ఎప్పట్నుంచి, ఎవరు చూశారు, ఆ జాగా ఎవరిది, చెట్ల కింద ఎవరైనా పంట పెట్టారా అని ఒకదాని మీద ఒకటి అడిగాను. పట్టా భూమి కాదు, కుంట శిఖమే అన్నాడు. కొంచెం ఊపిరి తీసుకుని, "సరే గానీ, ఈ సంగతి ఎవరికీ చెప్పకు. మన ఊరి గ్రూపులో మాత్రం పెట్టకు" అన్నాను.

అవతల కాసేపు చప్పుడు లేదు.

"పొద్దుగాల్లనే పెట్టిన గదనే" అన్నాడు తమ్ముడు. "అరవై మంది సూశిండ్రు."